మంత్రలోహాలూ, మిశ్రలోహాలూ

బొల్లారంలో మేముండే వీధిలో ఒక పాత ఇంటి గుమ్మానికి గుర్రపు నాడా ఒకటి కొట్టి ఉన్నది. ఇది దండు ప్రాంతం. ఒకప్పుడు హైదరాబాదు కంటింజెంటు సైన్యం ఇక్కడ మకాం ఉండేది కనుక గుర్రాలకూ నాడాలకూ కొదువ ఉండి ఉండదు. అది ఎందుకని ఆ ఇంటి పెద్దావిడను అడిగితే, "ఇనుమున్న చోటికి ఏదీ రాదు నాయనా" అన్నది. ఆ 'ఏదీ' అన్నది ఏమిటో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ నాడా సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణమున్నది. మా కళాశాలలో మిశ్రలోహాల పాఠం ముగించిన రోజున ఒక విద్యార్థి లేచి, తాను చదువుతున్న ఆంగ్ల నవల ఒకదాన్ని గూర్చి చెప్పాడు. బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికా రచయిత 2006లో ప్రకటించిన 'మిస్ట్‌బార్న్' అది. ఆ కల్పిత లోకంలో కొందరు లోహపు పొడిని మింగి, దాన్ని కడుపులో 'మండించి' శక్తులు పొందుతారు. (ఎవరూ ఇంట్లో ఈ ప్రయత్నం చేయరాదని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను.) ఇనుము మండించినవాడు దూరాన ఉన్న లోహపు వస్తువును తన వైపు లాగగలడు. ఉక్కు మండించినవాడు దాన్ని నెట్టగలడు. తగరం కంటికీ చెవికీ పదును పెడుతుంది. తగరంతో చేసిన ప్యూటర్ అనే మిశ్రలోహం ఒంటికి బలమిస్తుంది. రాగి మంత్రశక్తిని ఇతరులకు తెలియకుండా దాచితే, కంచు దాన్ని పసికడుతుంది. ఈ విధంగా ప్రతి లోహానికీ దాని మిశ్రలోహమొకటి జతగా నిలుస్తుంది. పాళ్ళు తప్పిన మిశ్రమాన్ని మింగినవాడికి జబ్బు చేస్తుందట.

"సార్, ఉక్కులో నూటికి తొంభైతొమ్మిది వంతులు ఇనుమే అని మీరే చెప్పారు. ఇనుము లాగుతుంటే ఉక్కు నెట్టడమేమిటి? రచయిత మరీ కోతలు కోశాడు కదా?" అని ఆ కుర్రవాడి ప్రశ్న. తరగతి అంతా నవ్వింది. నేను మాత్రం, లోహాల విషయంలో ఆ రచయిత ఊహించిన దానికంటే ప్రకృతి చేసి చూపినదే ఎక్కువ అని జవాబు చెప్పాను. అది విన్న తరువాత అదే కుర్రవాడు వేసిన రెండవ ప్రశ్న నన్ను కొంత ఇబ్బందిలో పెట్టింది. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకూ జవాబు.

ముందుగా వంటింటికి పోదాం. ఒక చిన్న అయస్కాంతం తీసికొని ఇనుప పెనానికి తాకించండి, అతుక్కుంటుంది. నికెల్ ముక్క దొరికితే దానికి తాకించండి, అదీ అతుక్కుంటుంది. ఇప్పుడు మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెకు తాకించండి. అందులో నూటికి 18 వంతులు క్రోమియం, 8 వంతులు నికెల్, మిగిలినదంతా దాదాపు ఇనుమే. అయస్కాంతానికి లొంగే లోహాలు రెండూ కలిసి అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్నవన్నమాట. అయినా అయస్కాంతం దానిపై నిలువక జారిపోతుంది.

దీనికి ఎదురు కథ కూడా ఉన్నది. 1903లో ఫ్రిట్జ్ హాయిస్లర్ అనే జర్మను రసాయనజ్ఞుడు రాగి, మాంగనీసు, అల్యూమినియం కలిసిన మిశ్రలోహం ఒకటి అయస్కాంతానికి బలంగా అతుక్కుంటుందని ప్రకటించాడు. ఈ మూడింటిలో ఏదీ విడిగా అతుక్కోదు. మూడు మూగ లోహాలు కలిసి మాట్లాడినవి. పైన చెప్పిన రెండు మాటకారి లోహాలు కలిసి మూగబోయినవి. ఇనుము లాగి ఉక్కు నెట్టడం దీనిముందు ఏపాటి వింత?

(ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. తరగతిలో ఈ ప్రయోగం చేసేముందు గిన్నెను ఇంట్లోనే పరీక్షించి తీసికొని పోవడం మంచిది. ఇండక్షను పొయ్యి మీద వాడే గిన్నెల అడుగు అయస్కాంతానికి అతుక్కునే రకపు ఉక్కుతోనే చేస్తారు. 18-8 రకపు గిన్నె అయినా, రేకును బాగా సాగదీసి వంచిన మూలల వద్ద కొద్దిగా అతుక్కోవచ్చు. వంపు వద్ద పరమాణువుల వరుస మారిపోవడమే దానికి కారణం. నేను మొదటిసారి చూపినప్పుడు అయస్కాంతం సరిగ్గా అక్కడే అతుక్కుని నా పరువు తీసింది.)

ఆ 'వరుస మారిపోవడం' అన్న మాటలోనే అసలు రహస్యమంతా ఉన్నది. లోహమంటే పరమాణువులను బస్తాలో ధాన్యంలా పోసిన కుప్ప కాదు. అవి సైనికుల కవాతులాగా వరుసలు కట్టి ఉంటాయి. మామూలు ఉష్ణోగ్రతలో ఇనుము పరమాణువులు ఒక విధమైన ఘనాకారంలో అమరి ఉంటాయి: ఘనం మూలలకు ఒక్కొక్కటి, నడి మధ్యన ఒకటి. ఇనుమును 912 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడిచేస్తే వరుస మారుతుంది. నడి మధ్యన ఉండవలసినది పోయి ఘనం ముఖాల మీద ఒక్కొక్కటి వచ్చి చేరుతుంది. ఈ రెండవ అమరికలో ఇనుము పరమాణువులలోని బుల్లి అయస్కాంతాలు ఒకే దిక్కుకు తిరిగి నిలువవు. నికెల్ తగినంత కలిపితే, చల్లారిన తరువాత కూడా ఇనుము ఈ రెండవ వరుసలోనే నిలిచిపోతుంది. కనుకనే స్టెయిన్‌లెస్ గిన్నె అయస్కాంతాన్ని పట్టించుకోదు. హాయిస్లర్ లోహంలో జరిగేది దీనికి తారుమారు. మాంగనీసు పరమాణువులకు అయస్కాంత గుణం లేకపోలేదు. కాని శుద్ధ మాంగనీసులో అవి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకునేటట్లు ఇరుకుగా కూర్చుని ఉంటాయి. రాగి, అల్యూమినియం నడుమ చేరి వాటిని ఎడం చేస్తే అవన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి.

కనుక మిశ్రలోహపు గుణం దానిలోని లోహాల గుణాల సగటు కాదు. పాలలో నీళ్ళు కలిపితే పలచబడినట్లు లోహంలో లోహం కలిస్తే పలచబడదు. మెత్తని రాగిలో అంతకంటే మెత్తని తగరం నూటికి పది వంతులు కలిపితే రెండింటికన్నా గట్టిదైన కంచు వస్తుంది. మానవజాతి ఒక యుగానికి దాని పేరే పెట్టుకున్నది. తగరాన్ని ఇరవై వంతులు దాటిస్తే అదే కంచు ఖంగుమని మోగుతుంది, కాని కింద పడితే పగులుతుంది. గుడిగంట అందుకే మోగుతుంది, అందుకే బీటలిస్తుంది కూడా. మన లావుపాటి పాత ఐదు రూపాయల నాణెంలో నాలుగింట మూడు వంతులు రాగే అయినా ఎరుపు జాడ ఎక్కడా కనపడదు. మిగిలిన నికెల్ దాన్ని వెండిలా తెల్లబరచింది. పచ్చని బంగారం, తెల్లని అల్యూమినియం బరువులో దాదాపు నాలుగింటికి ఒకటి చొప్పున కలిస్తే ఊదారంగు సమ్మేళనం పుడుతుంది. నగలకు పనికివస్తుందని ఆశపడితే అది గాజులాగా పెళుసు. ఇనుము, నికెల్ రెండూ వేడికి సాగుతాయి; ఒక మీటరు పొడవున్న కడ్డీ ఒక డిగ్రీ వేడికి సుమారు 12, 13 మైక్రోమీటర్లు పెరుగుతుంది. అదే 64 వంతుల ఇనుములో 36 వంతుల నికెల్ కలిపిన 'ఇన్వార్' కడ్డీ సుమారు ఒక్క మైక్రోమీటరే పెరుగుతుంది. 1896లో దీన్ని కనుగొన్న షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమానం ఇచ్చారు. సోడియం, పొటాషియం రెండూ ఘనపదార్థాలు. తగుపాళ్ళలో కలిపితే గడ్డకట్టే చలిలో కూడా ద్రవంగా ఉంటాయి. బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం నాలుగూ 230 డిగ్రీలకు లోపు కరిగేవి కావు. వాటిని కలిపి చేసిన వుడ్ లోహం 70 డిగ్రీలకే కరుగుతుంది. దానితో చెంచా చేసి వేడి టీ కలపమని అతిథికి ఇచ్చి నవ్వుకోవడం పూర్వం రసాయనజ్ఞులకొక సరదా. సీసం, కాడ్మియం రెండూ విషాలు కనుక ఆ టీ తాగనివ్వకపోవడమే మర్యాద.

ఇన్ని వింతలు చూచిన మన పూర్వులు లోహాలకు మంత్రశక్తి ఉన్నదని నమ్మారంటే నవ్వవలసిన పనిలేదు. పురిటి మంచం కింద ఇనుప కత్తి పెట్టినా, మొలకు రాగి తాయెత్తు కట్టినా, పంచలోహంలో ఐదు లోహాల మహిమా కూడి ఉంటుందని భావించినా, ఆ నమ్మకానికి ఒక తర్కమున్నది: లోహానికి గుణం ఉన్నది, లోహాలను కలిపితే గుణాలు కలుస్తాయి. (దక్షిణాది పంచలోహ విగ్రహాలను పరీక్షించి చూస్తే చాలావాటిలో ఉన్నది రాగి, దానితో కొంత తగరం, సీసం. బంగారం, వెండి ఉంటే జాడమాత్రమే.) శ్రీశైలం రసవాదులకు సిద్ధక్షేత్రమని రసగ్రంథాలు వర్ణిస్తాయి. కొండవీటి రెడ్ల సంపదకు పరుసవేది మూలమని చెప్పుకునే కథలు ఇప్పటికీ ఉన్నవి.

రసవాదులలో అందరూ మోసగాళ్ళు కారని నా అభిప్రాయం. ఎర్రని రాగిని రసకమనే ఖనిజంతో కలిపి మూసలో బాగా కాల్చితే బంగారమవుతుందని 'రసార్ణవం' చెబుతుంది. రసకం తుత్తునాగపు ఖనిజం. తుత్తునాగమంటే నేటి జింకు. కనుక మూసలో నుంచి బయటికి వచ్చేది ఇత్తడి. ఆ సాధకుడి స్థానంలో ఉండి ఆలోచించండి. మట్టిలాంటి పొడి వేశాడు. ఎర్రని లోహం వేశాడు. పసుపుపచ్చగా ధగధగలాడే లోహం బయటికి వచ్చింది. రాగిలోనూ లేని, ఆ పొడిలోనూ లేని రంగు అది. పరివర్తన కళ్ళముందే జరిగింది. ఒక రంగు మారగా లేనిది, ఇంకొంచెం సాధన చేస్తే బరువూ, చిలుము పట్టని గుణమూ కూడా ఎందుకు రావు అని అతడు అనుకున్నాడు. ఆ 'ఇంకొంచెం' కోసం వందల సంవత్సరాలు గడిచిపోయినవి.

ఈ రకం విద్యలో నిజంగా సిద్ధి పొందినవారు మన తెలుగునేల మీదే ఉన్నారు. కాని వారిని ఎవరూ సిద్ధులని పిలువలేదు. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమని ఒక ఊరున్నది. అక్కడి కమ్మరులు మూసలలో చేసిన ఉక్కు ముద్దలు గోలకొండ రాజ్యపు కాలం నుండి పారసీక దేశానికి ఎగుమతి అయ్యేవి. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా పేరుమోసిన కత్తులకు దక్షిణ భారతదేశపు ఉక్కే ముడిసరుకు. నీటి మీది అలల వంటి చారలు ఆ కత్తుల మీద మెరిసేవి. ఆ చారలు మంత్రాలవల్ల వచ్చినవని కొందరు, ఎర్రగా కాలిన కత్తిని బానిస దేహంలో దించి చల్లార్చడంవల్ల వచ్చినవని మరికొందరు కట్టుకథలు అల్లారు. ఆ ఉక్కును ఐరోపావారు 'ఊట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' అన్న మాటకే వికృతి అని చాలామంది పండితుల అభిప్రాయం.

మహా త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వాయిసీ అనే ఆంగ్లేయుడు కోనసముద్రం వెళ్ళి ఆ పని కళ్ళారా చూచాడు. అతడు రాసిపెట్టినది అతని మరణానంతరం 1832లో కలకత్తాలో అచ్చయింది. అక్కడివారు రెండు వేరు వేరు ఊళ్ళ నుండి వచ్చిన రెండు రకాల ఇనుమును మూడింటికి రెండు పాళ్ళలో మూసలో పెట్టేవారు. మూసలకు మూతవేసి, మట్టితో మెత్తి, ఒక రోజంతా బట్టీలో కాల్చేవారు. ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుండి వచ్చిన వర్తకుడు ఒకడు అక్కడే మకాం వేసి ఉండడం కూడా వాయిసీ చూచాడు. ఈ రెండు ఇనుముల సంగతి నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. ఒక ఊరి ఇనుముతో మాత్రమే చేస్తే ఏమవుతుందో ఎన్ని మూసలు పాడుచేసుకుని తెలుసుకున్నారో! పుస్తకం లేదు, తూనిక యంత్రం లేదు. 'పాళ్ళు తప్పితే చెడుతుంది' అని నవలాకారుడు పెట్టిన నియమం వారికి ఆకలి నేర్పిన పాఠం.

ఈ ఉక్కు రహస్యం కోసం లండనులో మైకేల్ ఫెరడే తంటాలు పడ్డాడు. విద్యుత్తు పరిశోధనలతో లోక ప్రసిద్ధుడు కాకముందు, 1819లో, అతడు ఊట్జ్ ఉక్కును విశ్లేషించి ఒక వ్యాసం ప్రకటించాడు. తండ్రి కమ్మరి కావడంవల్ల ఉక్కు మీద అభిమానం ఉండి ఉండవచ్చు. అల్యూమినా వలన దానికి ఆ గుణం వచ్చిందేమోనని మొదట అనుకున్నాడు. తరువాత స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కూడా కలిపి చూచాడు. అసలు రహస్యం అంత ఖరీదైన లోహాలలో లేదు. బొగ్గులో ఉన్నది. మూసలో మెల్లగా ఇమిడిపోయిన కర్బనం నూటికి ఒకటిన్నర వంతు. ఇందులో పదో వంతు మాత్రమే ఉంటే అది మెత్తని ఇనుము. రెట్టింపు దాటితే సమ్మెట దెబ్బకు పగిలే పోత ఇనుము. కర్బన పరమాణువులు చిన్నవి కనుక ఇనుము పరమాణువుల సందులలో దూరి, ఒక వరుస మరొక వరుస మీద జారకుండా అడ్డుపడతాయి. మిగిలిన కర్బనం ఇనుముతో కలిసి అతి గట్టి కార్బైడు రేణువులవుతుంది. ఆ రేణువులు బారులు తీరడమే అలల చారలకు కారణం. బారులు తీరడానికి ఖనిజంలో లక్షకు కొద్ది వంతులుగా ఉండే వెనేడియం వంటి లోహాలు తోడ్పడతాయని అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్హోవెన్ 1990లలో చూపాడు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు ఒక పాత డమాస్కస్ కత్తిలో కర్బనపు అతిసూక్ష్మ నాళికలను కూడా చూచారు. 2010లో మన బెంగుళూరు, ఇంగ్లండులోని ఎక్సెటర్ పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి పాత బట్టీల చిట్టెపు కుప్పలను నమోదు చేశారు. కమ్మరుల పేర్లు మాత్రం ఎక్కడా మిగలలేదు.

ఇప్పుడు ఆ కుర్రవాడి రెండవ ప్రశ్నకు వద్దాం.

"సార్, రెండు లోహాలలోనూ లేని గుణం మిశ్రలోహంలో వస్తుందని మీరే ఒప్పుకున్నారు. అయితే రాగి, ఇరిడియం కలిసిన చెంబు బియ్యాన్ని ఎందుకు లాగకూడదు?"

తరగతిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. మన రాష్ట్రాలలో 'రైస్ పుల్లింగ్' పేరు వినని ఊరు తక్కువ. పిడుగు పడిన పాత రాగి చెంబో, గోపుర కలశమో 'కాపర్ ఇరిడియం'గా మారుతుందట. అది బియ్యపు గింజలను లాగుతుందట. దాన్ని విదేశీ అంతరిక్ష సంస్థలు కోట్లు పోసి కొంటాయట. కొనేముందు శాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షించాలి కనుక ఆ ఖర్చు ముందుగా మీరు పెట్టాలి. అంతే వ్యాపారం. ఈ మోసం మీద హైదరాబాదులోనూ, జిల్లాలలోనూ పోలీసులు ఎన్నో కేసులు పెట్టారు. విద్యార్థి మేనమామ కూడా ఇందులో చిక్కుకున్నాడని తరగతి ముగిసిన తరువాత తెలిసింది. ఆయన పొలం కుదువబెట్టి డబ్బు తెచ్చి ఇచ్చాడు. నమూనాగా ఒక చెంబు ఆయన చేతికి ఇచ్చి, పరీక్షకులను తీసికొని వస్తామని వెళ్ళినవారు మళ్ళీ రాలేదు. ఇంకా వస్తారనే ఆయన నమ్మకం. అందుకని, ఆ ప్రశ్న కుర్రవాడు కుతూహలం కొద్దీ అడిగినది కాదు.

నేను ఇబ్బందిలో పడ్డానన్నది ఇందుకే. 'అసంభవం' అని ఒక్క మాటతో కొట్టివేస్తే, అరగంట క్రితం చెప్పిన హాయిస్లర్ కథను నేనే కొట్టివేసినట్లవుతుంది. లోహాలు కలిస్తే ఏది మారగలదు, ఏది మారజాలదు అన్నది విడమరచి చెప్పాలి.

లోహాలు కలిసినప్పుడు మారేది పరమాణువుల అమరిక, వాటి వెలుపలి ఎలక్ట్రానుల నడవడి. కనుక ఆ రెండింటి మీద ఆధారపడిన గుణాలన్నీ తలక్రిందులు కావచ్చు: గట్టిదనం, రంగు, మోత, ద్రవీభవన స్థానం, అయస్కాంత గుణం, వేడికి సాగడం. పరమాణువు నడిబొడ్డున ఉన్న కేంద్రకం మాత్రం మూసలోని మంటకు చలించదు. రాగి కేంద్రకం రాగిదే, జింకు కేంద్రకం జింకుదే. కేంద్రకాన్ని మార్చాలంటే మంట చాలదు, వేరే యంత్రాలు కావాలి. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో సీసపు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో పరుగెత్తించినప్పుడు, ఒకదాని పక్కగా ఒకటి దూసుకుపోయే వేళ కొన్ని బంగారంగా మారినవని అక్కడి 'ఆలిస్' బృందం 2025లో తెలిపింది. 2015 నుండి 2018 వరకు జరిగిన ప్రయోగాలన్నింటిలో పుట్టిన బంగారం మొత్తం 29 పైకోగ్రాములు. అనగా ఒక గ్రామును లక్ష కోట్ల వంతులు చేస్తే అందులో 29 వంతులు. అదీ పుట్టిన మరుక్షణమే ముక్కలైపోయింది. రసవాదులు కోరినది ఆ విధంగా దొరికింది.

ఇక బియ్యం సంగతి. లాగడమన్నది చెంబు ఒక్కటే చేసే పని కాదు. లాగబడే వస్తువు కూడా పట్టు ఇవ్వాలి. హాయిస్లర్ లోహమైనా అయస్కాంతాన్నో, ఇనుమునో పట్టుకున్నదంటే అటువైపున కూడా తగిన గుణమున్నది కనుకనే. బియ్యపు గింజలో ఉన్నది పిండిపదార్థం, కాస్త మాంసకృత్తులు, నూటికి పన్నెండు వంతుల దాకా తేమ. వీటిలో ఎలక్ట్రానులు జతలు జతలుగా ఉండి ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి. నిజానికి బలమైన అయస్కాంతం బియ్యాన్ని అతి స్వల్పంగా నెడుతుంది. విద్యుదావేశం మాట వేరు. పొడి తలను దువ్విన దువ్వెన మరమరాలను లాగుతుంది, అది ఎవరైనా చూడవచ్చు. కాని చేత పట్టుకున్న లోహపు చెంబులో ఆవేశం నిలువదు, ఒంటి గుండా నేలలోకి పోతుంది. పిడుగు సెకనులో అతి చిన్న భాగం మాత్రం ప్రవహించే విద్యుత్తు. దానివల్ల రాగి కరగవచ్చు. ఇనుప ఖనిజమున్న రాయి అయస్కాంతం కావచ్చు. రాగి ఇరిడియం కాదు, ఎందుకంటే అది కేంద్రకం మారవలసిన పని.

ఇరిడియం నిజమైన లోహమే. 1803లో కనుగొన్నారు. చాలా అరుదైనది, ధర బంగారంతో పోటీ పడుతుంది. దాన్ని పదవ వంతుగా ప్లాటినంలో కలిపి చేసిన దిమ్మ 1889 నుండి 2019 వరకు ప్రపంచానికంతటికీ కిలోగ్రాము ప్రమాణంగా పారిస్ దగ్గర భద్రపరచబడి ఉన్నది. అంతకాలం దేన్నీ లాగకుండా, దేనికీ కరగకుండా పడి ఉంటుందనే ఆ మిశ్రలోహాన్ని ఎంచుకున్నారు!

బల్ల మీద బియ్యం కదిలిన మాట నిజమేనని మేనమామగారు ప్రమాణం చేసి చెప్పారట. కదిలి ఉండవచ్చు. గింజలకు ఇనుప రజను పట్టించి, చెంబు పక్కనో బల్ల కిందనో అయస్కాంతం పెట్టుకుంటే ఏ చెంబైనా బియ్యాన్ని లాగుతున్నట్లే కనిపిస్తుంది. మేము అది చేసి చూపినా ఆయన ఒప్పుకోలేదు. "అది మీ బియ్యం. వాళ్ళది వేరు" అన్నారు. మాటలతో లాభం లేదని, చెంబునే కళాశాలకు తెమ్మన్నాను.

ఇక్కడ మిశ్రలోహాలలో మరొక రకం గుణం మాకు సాయపడింది. రంగును నమ్మరాదు, మోతను నమ్మరాదు, అయస్కాంతాన్ని నమ్మరాదు అని ఇంతసేపూ చెప్పాను. సాంద్రత అటువంటిది కాదు. పరమాణువుల బరువు కేంద్రకంలో ఉంటుంది, అది మారదు. అవి ఆక్రమించే చోటు కూడా కలయికలో కొద్దిగా తప్ప మారదు. కనుక మిశ్రలోహపు సాంద్రత దానిలోని లోహాల లెక్కకు చాలా దగ్గరగా వస్తుంది. నీటితో పోల్చితే రాగి 8.96 రెట్లు బరువు, ఇరిడియం 22.5 రెట్లు. బరువులో పదవ వంతు ఇరిడియం ఉన్నా ఆ చెంబు 9.5 రెట్లు తూగాలి. ఆర్కిమిడీసు నాటి పద్ధతే ఇందుకు చాలు.

చెంబును దారంతో త్రాసుకు కట్టి తూచాము. 612 గ్రాములు. లోపల గాలి బుడగ మిగలకుండా బకెట్టు నీటిలో పూర్తిగా ముంచి మళ్ళీ తూచాము. 540 గ్రాములు. తగ్గిన 72 గ్రాములు అది తొలగించిన నీటి బరువు. 612ను 72తో భాగించమని కుర్రవాడికే సుద్దముక్క ఇచ్చాను. వాడు నల్లబల్ల మీద 8.5 అని రాసి, కొంతసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత పక్కన రాసి ఉన్న పట్టికలో వేలు పెట్టి చూపాడు. ఇరిడియం మాట దేవుడెరుగు, అది రాగి కూడా కాదు. ఇత్తడి.

మేనమామగారు వెనుక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆకురాయి అడిగి తీసికొని, చెంబు అంచును ఆయనే రెండుసార్లు రాశారు. ఎర్రని పూత కింద పసుపు కనిపించింది. ఆకురాయి బల్ల మీద పెట్టి, బొల్లారం బజారులో పాత ఇత్తడి కిలో ఏమి ధర పలుకుతున్నదని అడిగారు. ఆ మరునాడు చెంబు అమ్మివేసి, వాళ్ళ మీద ఫిర్యాదు రాయించడానికి మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళారు. సాక్ష్యంగా చెంబు కావాలి కదా అని అక్కడివారు అడిగితే, ఇద్దరూ పరుగున తిరిగి వచ్చి పాత సామాను కొట్టువాడి దగ్గర రెండింతలు ఇచ్చి దాన్ని మళ్ళీ కొన్నారు.